లా ప్రొఫెసర్లు, కోర్టు సంస్కరణలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

లా టీచింగ్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు, కోర్టులో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ఉస్మానియాలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పాఠం చెప్పడం, కోర్టుల్లో జాప్యం ఎందుకు జరుగుతోందో పరిశోధించడం నాకు ఇష్టం. నేరుగా ఎల్‌ఎల్‌ఎంలో (లాలో పీజీ) చేరాలా, కొన్నాళ్లు ప్రాక్టీసు చేయాలా? — పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

ముందు కోర్టుకు వెళ్లండి. రెండేళ్లు తక్కువ, మూడేళ్లయితే మేలు. అదీ హైకోర్టుకు కాదు, ట్రయల్ కోర్టుకు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఉంది, నాంపల్లిలో క్రిమినల్ కోర్టులు ఉన్నాయి, మీకు దగ్గర్లో ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులున్నాయి. డాకెట్ ఆర్డరు (ఆ రోజు కేసులో ఏం జరిగిందో ఫైలులో రాసేది) ఎలా రాస్తారు, సమన్లు ఎందుకు తిరిగొస్తాయి, ఒక్క ఐ.ఏ. (దావా మధ్యలో వేసే దరఖాస్తు) వేసి అసలు దావాను ఏళ్ల తరబడి ఎలా ఆపుతారు, డిక్రీ చేతికొచ్చాక ఇ.పి.లో (డిక్రీ అమలు చేయించమని వేసే పిటిషన్‌లో) కక్షిదారు మళ్లీ మొదటికెలా వస్తాడు: ఇవేవీ తీర్పుల పుస్తకాల్లో దొరకవు. ఇవి తెలియకుండా సంస్కరణ గురించి రాస్తే సదస్సులో చప్పట్లు వస్తాయేమో గానీ, బెంచి క్లర్కు రెండు ప్రశ్నలు వేస్తే ఆ వ్యాసం నిలబడదు.

ప్రాక్టీసువల్ల ఇంకో లాభం ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న తిరిగి తెచ్చింది. రేపు మీ మనసు మారితే ఆ దారి మూసుకుపోదు.

తరవాత ఎల్‌ఎల్‌ఎం. రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటుకు పీజీఎల్‌సెట్, శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీకి క్లాట్ పీజీ రాయాలి. 2013 నుంచి ఏడాది ఎల్‌ఎల్‌ఎం కూడా వచ్చింది. ఉద్యోగ అర్హతకు రెండూ చెల్లుతాయి. మీరు చేయాలనుకుంటున్న పనికి మాత్రం రెండేళ్ల కోర్సే నయం. ఏడాది కోర్సులో ఫైళ్లు చూసి డిసర్టేషన్ రాసేంత వ్యవధి దొరకదు. ఎల్‌ఎల్‌ఎంలో 55 శాతం మార్కులు తప్పనిసరి. రిజర్వేషన్ వర్గాలకు 50 చాలు. 54.6 వచ్చి ఆగిపోయినవాళ్లను ఏటా చూస్తుంటాం కాబట్టి మొదటి సెమిస్టరు నుంచే ఆ లెక్క చూసుకోండి.

ఆ పైన నెట్, అంటే అధ్యాపక అర్హత పరీక్ష. అందులో అన్ని సబ్జెక్టులవాళ్లూ రాసే మొదటి పేపరు 50 ప్రశ్నలు, 100 మార్కులు. లా పేపరు 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండూ కలిపి మూడు గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, కనుక ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. లా చదివినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది మొదటి పేపర్లో, ముఖ్యంగా డేటా లెక్కల దగ్గర. సెట్ (ఇలాంటిదే రాష్ట్ర స్థాయి పరీక్ష) పాసైతే ఆ రాష్ట్రంలోని యూనివర్సిటీలకు పనికొస్తుంది, నెట్ దేశమంతా చెల్లుతుంది. నెట్ ద్వారానే ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ప్రాక్టీసు ఎన్నేళ్లు చేయాలో ఈ వయసు చూసుకుని నిర్ణయించుకోండి. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తరవాత 42 వేలు. ఆ డబ్బుంటే పీహెచ్‌డీ కాలంలో పార్ట్‌టైమ్ పాఠాల కోసం నాలుగు కాలేజీలు తిరగక్కర్లేదు.

పీహెచ్‌డీ అంశం దగ్గరే సగంమంది దారి తప్పుతారు. ‘భారత న్యాయవ్యవస్థలో జాప్యం: ఒక విమర్శనాత్మక అధ్యయనం’ అని పెట్టుకుంటే ఐదేళ్లు గడిచినా లా కమిషన్ నివేదికల సారాంశమే మిగులుతుంది. ‘రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ఇ.పి.లు ఏ దశలో ఆగుతున్నాయి’ అని పెట్టుకోండి. ఆ జవాబు ఇంకెవరి దగ్గరా ఉండదు. అప్పుడు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి యూనివర్సిటీలో లా అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరాడు. పక్కన ప్రాక్టీసు చేసుకోవచ్చా? జీతం, ప్రమోషన్ల సంగతి కూడా చెప్పండి. — ఒక తండ్రి, బోడుప్పల్

చేయకూడదు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. ఉద్యోగంలో చేరిన సంగతి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలిపి సనదు (ప్రాక్టీసు లైసెన్సు) సస్పెన్షన్‌లో పెట్టించుకోవాలి. ఉద్యోగం మానితే మళ్లీ తీసుకోవచ్చు. దీనికి ఎదురు దారి ఒకటుంది: ప్రాక్టీసు చేస్తున్న లాయరు రోజుకు మూడు గంటలు మించకుండా లా కాలేజీలో పాఠం చెప్పొచ్చని 1979 నిబంధనలు అంటాయి. కానీ ఆ పార్ట్‌టైమ్ అనుభవం ప్రొఫెసరు పోస్టుకు లెక్కలోకి వస్తుందనుకుని మోసపోకండి.

యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసరు మొదటి మూలవేతనం 57,700 రూపాయలు, ప్రొఫెసరుకు 1,44,200. డీఏ, హెచ్‌ఆర్‌ఏ వేరు. ప్రైవేటు లా కాలేజీలు చాలావరకు ఈ స్కేలు ఇవ్వవు. చేరేముందే నియామకపు ఉత్తర్వులో స్కేలు రాసి ఉందో, ‘కన్సాలిడేటెడ్’ (స్కేలు లేని ఏకమొత్తం జీతం) అని ఉందో చూసుకోవాలి.

2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసరు నేరు నియామకానికి పీహెచ్‌డీ, 8 ఏళ్ల బోధన, 7 ప్రచురణలు, 75 పరిశోధన స్కోరు కావాలి. ప్రొఫెసరుకు 10 ఏళ్లు, 10 ప్రచురణలు, 120 స్కోరు. యూజీసీ ఈ నిబంధనలు మార్చుతూ ఉంటుంది కనుక పోస్టు ప్రకటన వెలువడిన నాటి నిబంధన చూసుకోవాలి. చాలామంది గమనించని విషయం, ప్రభుత్వానికి సమర్పించిన విధాన పత్రానికీ స్కోరు ఉంది: కేంద్ర స్థాయికి 7, రాష్ట్ర స్థాయికి 4. ఒక మంచి పరిశోధన పత్రానికి వచ్చేది 10. మీ అబ్బాయి ఏ కమిటీకైనా నివేదిక ఇస్తే అందినట్టు రాతపూర్వకంగా ఉత్తరం తీసుకుని ఫైలులో పెట్టుకోమనండి. ఆరేళ్ల తరవాత ఇంటర్వ్యూకు ముందు అడిగితే ఆ కార్యాలయంలో ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లకు పైగా కోర్టులో పనిచేసి రిటైరయ్యాను. ప్రొఫెసర్లు నివేదికలు రాస్తారు, అవి బీరువాల్లో ఉంటాయి. ఒక ప్రొఫెసరు వల్ల నిజంగా ఏమైనా మారిందా? — మలక్‌పేట

మారింది. తుకారాం కేసు తీసుకోండి. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసులో నిందితులైన పోలీసులను 1978లో సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. ఆ తరవాతి ఏడాది ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్న తర్కాన్ని రికార్డులోని ఆధారాలతోనే చీల్చి చెప్పారు. మన నగరంలో 1978లోనే నల్లకుంట పోలీస్ స్టేషన్ ఘటన మీద జనం రోడ్డెక్కి, జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఈ కదలికలన్నీ కలిసి 1983 క్రిమినల్ చట్ట సవరణకు దారితీశాయి. కస్టడీ అత్యాచారాల్లో బాధితురాలు తన సమ్మతి లేదంటే కోర్టు అలాగే భావించాలన్న నియమం, రహస్య విచారణ, పేరు బయటపెట్టకూడదన్న నిషేధం అందులోనివే. లేఖ ఒక్కటే చట్టం తెచ్చిందని అనడం లేదు. వీధిలో వచ్చిన కోపానికి చట్టం భాషను అందించింది ఆ లేఖే.

రెండో రకం పని సంస్థలు కట్టడం. ఎన్.ఆర్. మాధవ మీనన్ ఢిల్లీ యూనివర్సిటీలో లా పాఠాలు చెప్పినవారు. బెంగళూరులో నేషనల్ లా స్కూలు నిలబెట్టారు, భోపాల్‌లో నేషనల్ జ్యుడీషియల్ అకాడమీకి మొదటి డైరెక్టరుగా పనిచేశారు. 1998లో మన దగ్గర నల్సార్ వచ్చింది బెంగళూరు నమూనాలోనే. సిట్టింగ్ జడ్జీలు తరగతిలో కూర్చుని శిక్షణ పొందడం ఇప్పుడు మామూలు సంగతి. ఆ అలవాటు పడటంలో ఆయన చెయ్యి ఉంది.

మీ సందేహంలో న్యాయమైన భాగమూ ఉంది. నల్సార్ మొదటి వైస్ ఛాన్సలర్ రణబీర్ సింగ్ అధ్యక్షతన 2020లో క్రిమినల్ చట్టాల సంస్కరణ కమిటీ వేశారు. కరోనా మధ్యలో ఆన్‌లైన్ ప్రశ్నావళులతో అభిప్రాయాలు సేకరించారు. కమిటీలో మహిళలు లేరని, గడువు చాలదని న్యాయవాదులు, మాజీ న్యాయమూర్తులు అప్పుడే అభ్యంతరం తెలిపారు. ఆ తరవాత కొత్త క్రిమినల్ చట్టాలు 2024 జులై 1న అమల్లోకి వచ్చాయి. ప్రొఫెసర్ల చేతిలో కమిటీ పెట్టినంత మాత్రాన సరిపోదు. ఎవరిని అడిగారు, ఎంత గడువిచ్చారు, ఏది ఒప్పుకున్నారు, ఏది తోసిపుచ్చారు అన్నది కనబడకపోతే దాని మీద జనానికి నమ్మకం కుదరదు.

ప్రశ్న: నగరంలోని ఒక ప్రైవేటు లా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కోర్టు జాప్యం మీద సొంతంగా అధ్యయనం చేయాలని ఉంది. నిధులు లేవు, ఇద్దరు విద్యార్థులు సాయం చేస్తామన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? — అసిస్టెంట్ ప్రొఫెసర్, కూకట్‌పల్లి

ముగ్గురుంటే చాలు. ఒక కోర్టు సముదాయం, ఒక రకం కేసు, దాఖలైన ఒక సంవత్సరం: ఈ మూడూ బిగించండి. ఉదాహరణకు ఒక జిల్లాలో 2018లో దాఖలైన ఓ.ఎస్.లు (అసలు సివిల్ దావాలు). ముగిసినవే తీసుకుంటే లెక్క తప్పుతుంది. రాజీపడ్డవి, ఎక్స్‌పార్టీ అయినవి (ఎదుటి పక్షం రాకుండానే తేలినవి) తొందరగా తేలిపోతాయి, గట్టిగా పోరాడే దావాలు పెండింగ్‌లోనే ఉంటాయి. ముగిసినవాటి వయసు చూసి కోర్టు చురుకుగా ఉందనుకుంటారు. అందుకే ఒకే ఏడాది దాఖలైనవన్నీ, తేలినవీ తేలనివీ కలిపి, వెంటాడాలి.

నమూనా సుమారు 400 ఫైళ్లు. అయిదు శాతం తేడాలోపు మాట్లాడటానికి 384 చాలు, కొన్ని ఫైళ్లు దొరకవు కాబట్టి 400 అంటున్నాం. రిజిస్టరులో వరుసగా ప్రతి అయిదోది, లేదా మొత్తాన్ని బట్టి ఎన్నోదైతే అన్నోది తీసుకోండి. చేతికందినవి మాత్రం తీసుకోకండి, ర్యాకులో ముందుండేవి ఎప్పుడూ కదులుతున్న ఫైళ్లే.

సమాచారం మూడుచోట్ల దొరుకుతుంది. నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో కేసుల మొత్తం సంఖ్యలుంటాయి. ఈకోర్ట్స్ సైటులో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఇచ్చే ప్రత్యేక నంబరు) కొడితే ఒక్కో కేసు వాయిదాల చరిత్ర వస్తుంది. వాయిదా ఎందుకు పడిందో తెలియాలంటే మాత్రం చాలాసార్లు కాగితం ఫైలే చూడాలి. దానికి ఆర్టీఐ పెట్టి నెలలు పోగొట్టుకోకండి. కోర్టు రికార్డుల నకళ్లకు హైకోర్టు నిబంధనల ప్రకారమే వెళ్లాలని 2020లో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జికి, హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కు ఉత్తరం రాయండి. ఏ కేసులు, ఎన్ని, ఏ గంటల్లో చూస్తారు, పేర్లు బయటపెట్టం, ఫోటోలు తీయం, ముసాయిదా ముందు మీకే చూపిస్తాం: ఈ ఆరూ ఒకే పేజీలో ఉండాలి. న్యాయవ్యవస్థ ప్రాముఖ్యం గురించి రెండు పేజీలు రాస్తే ఉత్తరం పక్కకెళ్తుంది.

ఇక వాయిదా కారణాలకు కోడ్లు. సమన్లు అందలేదు, కౌంటరు వేయలేదు, వకీలు టైమడిగారు, సాక్షి రాలేదు, పి.ఓ. (ఆ కోర్టు జడ్జి) సెలవు లేదా పోస్టు ఖాళీ, ఐ.ఏ. పెండింగ్, పై కోర్టు స్టే, విధుల బహిష్కరణ, రికార్డు రాలేదు. పదోది ‘కారణం రాయలేదు’. ఇది తప్పనిసరి. చాలా డాకెట్లలో ‘కాల్ ఆన్’ అని తేదీ తప్ప ఏమీ ఉండదు. దాన్ని ఊహించి వకీలు ఖాతాలోనో జడ్జి ఖాతాలోనో వేస్తే మీ అధ్యయనం అక్కడే చెడింది. కారణం రాయని వాయిదాలు ఎన్నో చెప్పడమే పెద్ద ఫలితం కావచ్చు. మొదట 30 ఫైళ్లను విద్యార్థులిద్దరూ విడివిడిగా కోడ్ చేసి పోల్చుకోవాలి. తేడా వచ్చిన ప్రతిచోటా నిర్వచనం తిరగరాయాలి.

మన రాష్ట్రంలో అదనంగా ఒక చిక్కుంది. 2022 జూన్‌లో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఫైళ్లు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు మారినప్పుడు పాత నంబరు ముగిసినట్టు, కొత్త నంబరు అప్పుడే పుట్టినట్టు కనబడొచ్చు. పదేళ్ల దావా రెండేళ్లదిగా లెక్కకొస్తుంది. బదిలీ అయిన ప్రతి కేసుకూ అసలు దాఖలు తేదీని ప్లెయింటు మీది ముద్ర చూసి రాసుకోండి.

లెక్కలు రెండు నేర్చుకుంటే చాలు. సగటు కాకుండా మధ్యస్థం (వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చే అంకె) చూడండి. ముప్ఫై ఏళ్ల దావాలు రెండుంటే సగటు ఎటో పోతుంది. రెండోది క్లియరెన్స్ రేటు: ఏడాదిలో తేలినవాటిని దాఖలైనవాటితో భాగించి నూటితో గుణించడం. ఒక కోర్టులో 1,200 పెండింగ్ ఉండి, ఏటా 600 వచ్చి, 540 తేలుతుంటే రేటు 90 శాతం. వినడానికి బాగున్నా పెండింగ్ ఏటా 60 పెరుగుతోంది. 720 తేల్చినా పాత బాకీ పోవడానికి పదేళ్లు పడుతుంది. ‘కాస్త వేగం పెంచితే చాలు’ అనేవారికి ఈ లెక్క చూపించండి.

జడ్జీల సంఖ్య గురించి రాసేటప్పుడు ‘పది లక్షల జనాభాకు 50 మంది’ అన్న మాట అరిగిపోయేదాకా వాడతారు. అది 1987 నాటి లా కమిషన్ 120వ నివేదికలోది. 2014లో 245వ నివేదిక ఈ జనాభా లెక్కను పక్కనపెట్టి, ఒక జడ్జి ఏడాదికి ఎన్ని తేల్చగలరన్న దాన్నిబట్టి లెక్కగట్టింది. 2017లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, కేసు బరువును బట్టి యూనిట్లు లెక్కించే పద్ధతిని తీసుకుంది. హత్య కేసూ ట్రాఫిక్ చలానూ ఒకే సంఖ్య కావు గదా. మీ అధ్యయనంలోనూ పెటీ కేసులను విడిగా పెట్టండి.

సిఫారసుల దగ్గర తొందరపడొద్దు. ‘గడువు విధించాలి’ అని రాయడం చాలా తేలిక. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 నుంచే గడువులున్నాయి: రాతపూర్వక జవాబుకు గరిష్ఠంగా 90 రోజులు, ఒక పక్షానికి మూడు వాయిదాలు. జస్టిస్ ఎం. జగన్నాథరావు కమిటీ కేసులను రకాలుగా విడదీసి నడిపే నమూనా నిబంధనలు కూడా రాసింది. 2005లో సేలం బార్ కేసులో 90 రోజులు మార్గదర్శకమే తప్ప తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు అంది. అదే వాణిజ్య కోర్టుల్లో 120 రోజులు దాటితే జవాబు హక్కే పోతుందని 2019లో తేలింది. గడువు ఎందుకు ఒకచోట పట్టుకుంది, ఒకచోట జారింది? సమన్లు అందించే ప్రాసెస్ సర్వర్లు ఎందరున్నారు, స్టెనో ఉన్నారా, ఒక జడ్జికి రోజుకు ఎన్ని కేసులు లిస్టవుతున్నాయి అన్నవి చూడకుండా దీనికి జవాబు రాదు. ఫలితాలు రెండు భాగాలు చేయండి: ఉన్న అధికారంతో ఆ కోర్టే రేపట్నుంచి చేయగలిగినవి, చట్టమో బడ్జెట్టో కావలసినవి. మొదటి భాగమే అమలయ్యేది.

జడ్జీల పేర్లతో ర్యాంకులు ఇవ్వకండి. ఖాళీ కోర్టుకు ఇన్‌ఛార్జిగా ఉన్నవారు అన్యాయంగా అడుగున పడతారు. ఫ్యామిలీ కోర్టు, పోక్సో, అత్యాచారం ఫైళ్లలో పేరే కాదు, ఊరు, బడి, బంధుత్వం కూడా రాసుకోవద్దు. ముసాయిదా కోర్టుకిచ్చి నాలుగు వారాలు ఆగండి. వాస్తవాల్లో తప్పులు దిద్దుకోండి, నిర్ధారణలు మాత్రం మీవే.

ప్రశ్న: లా ప్రొఫెసరు నేరుగా జడ్జి కావచ్చా? — సైనిక్‌పురి

సుప్రీంకోర్టుకు కావచ్చు. 124వ అధికరణం ‘ప్రముఖ న్యాయశాస్త్రవేత్త’ను నియమించే వీలిచ్చింది. అయితే ఆ దారిలో ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు. హైకోర్టుకు ఆ వీలు లేదు. 42వ సవరణ తెచ్చింది, 44వ సవరణ తీసేసింది. జడ్జీల ఎంపికలో బయటివారికి చోటిచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది. ఆ ఒక్క భిన్నాభిప్రాయం మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌ది. ఒక్క ప్రొఫెసరునైనా సుప్రీంకోర్టుకు తీసుకోవాల్సింది, రాజ్యాంగం ఇచ్చిన తలుపును 75 ఏళ్లుగా మూసి ఉంచడం సరికాదని మా అభిప్రాయం.

ప్రశ్న: తీర్పులను, కోర్టులను విమర్శిస్తూ రాస్తే ధిక్కారం కేసు పెడతారేమోనని మా డిపార్ట్‌మెంట్లో భయపడుతున్నారు. — తార్నాక

ముగిసిన కేసు తీర్పును గుణదోషాల మీద న్యాయంగా విమర్శిస్తే ధిక్కారం కాదని 1971 చట్టం అయిదో సెక్షనే చెబుతోంది. ప్రజాప్రయోజనం కోసం, సదుద్దేశంతో చెప్పిన నిజాన్ని రక్షణగా తీసుకోవచ్చని 2006లో 13వ సెక్షనులో చేర్చారు. తీర్పులోని తర్కాన్ని, అంకెలను విమర్శించండి. ఆధారం లేకుండా జడ్జికి దురుద్దేశం అంటగట్టకండి. నడుస్తున్న కేసులో సాక్ష్యం మీద వ్యాఖ్యానించకండి.

ప్రశ్న: పార్లమెంటు కమిటీకి, లా కమిషన్‌కు అభిప్రాయాలు ఎలా పంపాలి? — సికింద్రాబాద్

కోర్టులు, న్యాయశాఖకు సంబంధించిన బిల్లులు సాధారణంగా రాజ్యసభ ఆధ్వర్యంలోని సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయ వ్యవహారాల స్థాయీ సంఘానికి వెళ్తాయి. పత్రికల్లో ప్రకటన ఇస్తారు, గడువు తరచు పదిహేను రోజులే. అప్పుడు రాయడం మొదలుపెడితే అందుకోలేరు, డేటా ముందే సిద్ధంగా ఉండాలి. చట్టం ముసాయిదాను 30 రోజులు జనం ముందుంచాలని కేంద్రం 2014లో విధానం పెట్టుకుంది గానీ అన్నిసార్లూ పాటించరు.

పత్రం నాలుగైదు పేజీలు దాటొద్దు. సెక్షన్ల వరుసలో, ఒక్కోదానికి మూడు ముక్కలు: ఇప్పుడున్న మాట, దానివల్ల వచ్చే చిక్కు, దాని స్థానంలో ఉండాల్సిన వాక్యం. మూడోది మీరే డ్రాఫ్ట్ చేసి ఇవ్వాలి. ‘పునఃపరిశీలించాలి’ అని వదిలేసిన సూచనను తీసుకునే తీరిక ఏ అధికారికీ ఉండదు. ఎదురుగా వచ్చి చెప్పాలనుకుంటే ఆ మాట పత్రంలోనే రాయండి. కమిటీకి పంపిన పత్రం కమిటీ రికార్డు అవుతుంది, దాన్ని గోప్యంగా చూస్తారు. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా పత్రికకు ఇవ్వకండి. లా కమిషన్ పదవీకాలం మూడేళ్లు. కొత్త కమిషన్ ఏర్పడిన మొదటి ఏడాదిలో పంపితే అంశాల ఎంపిక దశలోనే మీ పత్రం చేరుతుంది.